నిచ్చెనమ్మకి ఉందా, లేదా?

రొట్టెల దుకాణం మీది గది

మా నిక్కచ్చికి,

ఇది మీ అమ్మకి చూపించకూడని ఉత్తరం. ముందు తలుపు గడియ పెట్టు, ఆ తర్వాత చదువు. మా అక్కకి ఇందులో ఒక్క ముక్క తెలిసినా మర్నాటికల్లా సంచీ పట్టుకుని ఇక్కడ దిగిపోతుంది. నా మంచం పక్కన కుర్చీ వేసుకుని, నాకు జరగబోయే చెడంతా వరసగా చెప్పి, ఒక్కొక్కదానికీ ముందుగానే ఏడ్చిపెడుతుంది. బతికుండగా ఆ ముచ్చట చూసే ఓపిక నాకు లేదు.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్ కింద కొట్లో, గల్లాపెట్టె పక్కన ఉంది. అక్కడ నిలబడి ‘కడుపు’ అన్నానంటే, రొట్టెలు కొనడానికి వచ్చినవాళ్ళందరూ తలా ఒక వైద్యం చెప్పి పోతారు.

సంగతేమిటంటే, ఆమధ్య మీ అత్తయ్య కొత్తరకం వెన్న బిస్కెట్లు చేసింది. రుచి చూడమంది. చూశాను. పళ్ళెం అడుగు కనిపించేదాకా చూశాను. కాసేపటికి కుడి డొక్కలో, పక్కటెముకల కింద ఎవరో గూటం దిగ్గొట్టినట్టు నొప్పి మొదలై భుజం దాకా పాకింది. మీ అత్తయ్య నన్ను డాక్టరు దగ్గరికి ఈడ్చుకుపోయింది. ఆయన నా పొట్టకి చల్లటి జిగురు పూసి, తెర మీద చూసి, లివర్ కింద పిత్తాశయమనే సంచి ఉందనీ, అందులో రాళ్ళు చేరాయనీ, సంచితో సహా తీసెయ్యాలనీ చెప్పాడు.

రాళ్ళున్నాయంటే రాళ్ళు తియ్యాలి గానీ సంచి తీసేస్తానంటాడేమిటే? బియ్యంలో రాళ్ళున్నాయని బియ్యం పారబోస్తామా? అంతకాలం జంతుశాలలో మేత వేశాను, ఏ జంతువు ఒంట్లోనూ పనికిరాని సామాను నేను చూడలేదు. ఇప్పుడు అదే జంతుశాలకి నువ్వు డాక్టరువి. నేనూ ఒక జంతువునేనని మీ అత్తయ్య రోజూ అంటుంది కాబట్టి, నా కేసు నిన్ను అడగడంలో తప్పులేదు. ఆ సంచి చాలా అవసరమైనదని ఒక్క ముక్క రాసి పంపు. డాక్టరు మొహాన కొట్టి వస్తాను.

నా నిచ్చెనమ్మ ఎలా ఉంది? మేడంత ఎత్తు పెరిగిన జిరాఫీ అయినా అది నాకింకా పసిపిల్లే. నా బదులు వచ్చినవాడు దానికి తుమ్మ కొమ్మలు లేతవి వేస్తున్నాడా, చేతికందినవి వేస్తున్నాడా?

మీ మామయ్య

(అమ్మడూ, నేను అత్తయ్యని. కవరు అంటించమని నాకే ఇచ్చాడు, చదవకుండా ఎలా అంటిస్తాను? అది ఒకసారి వచ్చిన నొప్పి కాదు. నాకు తెలిసి ఇది మూడోది.)

*

జంతుశాల, మందుల గది

మామయ్యకి,

ఆ సంచి అవసరమని రాయమన్నావు. రాయను. అవసరం లేదు. తీయించుకో.

ఎందుకో చెబుతాను, ఈసారైనా మధ్యలో లేచిపోకుండా చదువు. కాలేయం రోజంతా పైత్యరసం తయారుచేస్తూనే ఉంటుంది. సన్నగా కారే కొళాయి అనుకో. దాని కింద పెట్టిన కుండ పిత్తాశయం. కాలేయం కుడి భాగం కింద చిన్న పల్లంలో బేరిపండు ఆకారంలో అతుక్కుని ఉంటుంది. ఈ కుండ ఊరికే నింపుకోదు. రసంలోని నీళ్ళు పీల్చేసి, మిగిలినదాన్ని చిక్కగా, ఆకుపచ్చగా, భరించలేనంత చేదుగా చేసి దాచుకుంటుంది. నువ్వు వెన్న బిస్కెట్లు మింగుతావు. ఆ కొవ్వు పేగులోకి దిగగానే పేగు గోడ రక్తంలోకి ఒక కబురు వదులుతుంది. అది అందగానే సంచి పిడికిలిలా బిగుసుకుని, దాచినదంతా సన్నటి గొట్టంలోంచి పేగులోకి పిండుతుంది. సబ్బు జిడ్డుని విడగొట్టినట్టు ఆ రసం కొవ్వుని చిన్న చుక్కలుగా విడగొడుతుంది. ఇదీ దాని ఉద్యోగం.

నీ సంచిలో దాచిన రసం పేరుకుపోయి రాళ్ళయింది. సంచి పిండినప్పుడల్లా రాయి మెడ దగ్గర అడ్డం పడుతోంది. అదే నీ గూటం. రాళ్ళు మాత్రమే తీస్తే అదే సంచి మళ్ళీ రాళ్ళు చేస్తుంది. రాళ్ళున్న బియ్యం కాదు మామయ్యా, రాళ్ళు కాసే బస్తా అది. తీసేస్తే కొళాయి ఆగిపోదు. కుండ లేకుండా నేరుగా పేగులోకి కారుతుంది, అంతే.

నీకు మనుషుల మీద నమ్మకం లేదు కాబట్టి జంతువుల సంగతి చెబుతాను. గుర్రానికి పిత్తాశయం లేదు. ఏనుగుకి లేదు. ఒంటెకి లేదు. నువ్వు మేత వేసిన జింకలకి లేదు. పావురానికి లేదు, ఎలుకకి లేదు. గుర్రం రోజంతా మేస్తూనే ఉంటుంది కాబట్టి రసం నిలవ చేసుకోనక్కర్లేదని అంటారు. వాటిలో ఏదైనా కూర్చుని ఏడుస్తుంటే చూశావా?

నిచ్చెనమ్మ బాగుంది. కొమ్మలు లేతవే వేస్తున్నాడు, నేను చూశాను.

అమ్మకి చెప్పను. కానీ అమ్మ నన్ను సూటిగా అడిగితే మాత్రం నా వల్ల కాదు, ఆ సంగతి నీకు తెలుసు.

నిక్కచ్చి

*

రొట్టెల దుకాణం మీది గది

నిక్కచ్చీ,

ఇందుకే నీకు ఆ పేరు పెట్టాను. పక్కింటావిడ గిన్నెడు కూర పంపి, ఎలా ఉందమ్మా అని అడిగితే, ‘అమ్మ కుక్కకి పెట్టిందండీ, కుక్క కూడా తినలేదు’ అని చెప్పిన పిల్లవి నువ్వు. అప్పుడు నీకు పాలపళ్ళు కూడా ఊడలేదు. మీ అమ్మ ఆ ఇంటి ముందునుంచి నడవడం మానేసి వీధి చుట్టూ తిరిగి వెళ్ళేది. ఒక్క ముక్క మామయ్య కోసం సర్దుబాటుగా రాయవే అంటే, రాళ్ళు కాసే బస్తా అని రాస్తావా? నేను బస్తానా?

సరే. ఇప్పుడు నా వాదన విను. గుర్రం రోజంతా మేస్తుంది కాబట్టి దానికి నిలవ అక్కర్లేదన్నావు. బాగుంది. మరి ఆవు? ఆవు కూడా రోజంతా మేస్తుంది. మేసింది చాలక, పడుకుని మళ్ళీ నములుతుంది. దానికి పిత్తాశయం ఉందా, లేదా? నిజం చెప్పు.

నీ ఉత్తరం అందాక నేనూ పరిశోధన మొదలుపెట్టాను. సందు చివర కోళ్ళ దుకాణంలో కాసేపు నిలబడ్డాను. అతను కోడిని కోసి లివర్ పట్టుకుని, పక్కనున్న పచ్చటి తిత్తిని కత్తి కొసతో ఎంత మెల్లగా విడదీశాడనుకున్నావు! అది పగిలితే కూర మొత్తం చేదెక్కుతుందట. ‘ఏం చేస్తావయ్యా దాన్ని?’ అంటే, ‘పారేస్తా’ అన్నాడు. అంత జాగ్రత్తగా తీసి పారెయ్యడమేమిటో! ఎందుకో మిగతాది చూడకుండానే గబగబా ఇంటికి వచ్చేశాను. ఆ మాట మీ అత్తయ్యకి చెప్పకు.

కోడికి ఉంది, పావురానికి లేదు. రెండూ గింజలే తింటాయి. ఎలుకకి లేదన్నావు. మరి చిట్టెలుకకి? మీ అత్తయ్య పిండి బస్తాల దగ్గర రెండు జాతులూ కాపురం చేస్తున్నాయి. రెండూ ఒకే పిండి తింటాయి. ఒకదానికి ఉండి ఇంకొకదానికి లేకపోతే, దేవుడు ఏదో ఆలోచించే పెట్టాడన్నమాట. నాకు పెట్టాడంటే నాకు కావాలనే పెట్టాడు.

ఇన్నాళ్ళూ మీ అత్తయ్య నాకు పైత్యం అంటే తిడుతోందనుకున్నాను. పరీక్ష చేసి చెబుతోందని ఇప్పుడే తెలిసింది.

మీ మామయ్య

(వెన్న డబ్బా నా మంచం కింద దాచాను. నిన్న అది సగం ఉంది. ఇవాళ పావు ఉంది. ఎలుకలంటున్నాడు. ఎలుకలు మూత తిప్పి పెడతాయా?)

*

జంతుశాల, మందుల గది

మామయ్యా,

ఆవుకి ఉంది. మేకకి, గొర్రెకి, కుక్కకి, పిల్లికి, పందికి ఉంది. చిట్టెలుకకి కూడా ఉంది. ఎందుకలా అని అడుగుతావు. ఎవరికీ తెలియదు. మేతని బట్టి అందామంటే ఆవు అడ్డొస్తుంది, ఒంటి సైజుని బట్టి అందామంటే ఏనుగుకీ లేదు, ఎలుకకీ లేదు. నాకు తెలిసిన నిజాలన్నీ నీకే పనికొస్తున్నాయి. నాకు ఒళ్ళు మండుతోంది.

నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. కుందేలుకీ పిత్తాశయం ఉంది, నువ్వడగకముందే చెబుతున్నాను.

కానీ జంతువుకి ఎందుకుందో తెలియకపోవడం వేరు, నీది చెడిపోయిందని తెలియడం వేరు. అది తీయించుకున్నవాళ్ళు లోకం నిండా ఉన్నారు. మా మందుల గది గుమాస్తాకి తీశారు, రోజూ మెట్లెక్కి వచ్చి నాతో కాఫీ తాగుతాడు. అంతెందుకు, ఉన్నా లేకపోయినా తేడా తెలియదనడానికి నీ నిచ్చెనమ్మ జాతే సాక్ష్యం. జిరాఫీల్లో కొన్నిటికి ఉంటుంది, కొన్నిటికి ఉండదు. పక్కపక్కన నిలబెడితే ఏది ఏదో ఎవరూ చెప్పలేరు. రెండూ అదే తుమ్మాకు తిని, అంతే హాయిగా, అంతే పొగరుగా బతుకుతాయి.

రేపే డాక్టరు దగ్గరికి వెళ్ళు. నీ నొప్పి సంగతి నువ్వు రాయడం మానేశావు. అత్తయ్య రాస్తోంది కాబట్టి సరిపోయింది.

నిక్కచ్చి

*

రొట్టెల దుకాణం మీది గది

బంగారు కోడలా,

జిరాఫీ మాట ముందే చెప్పొచ్చుగా! గుర్రాలనీ ఎలుకలనీ ఊరంతా తిప్పి ఇప్పుడా చెప్పేది?

నాకు న్యాయం చెప్పగలిగింది ఈ లోకంలో నిచ్చెనమ్మ ఒక్కతే. సీసా పాలు పట్టి పెంచాను. నా అరచేతిలో నాలిక చుట్టి నిద్రపోయేది. అది ఎలా ఉంటే నేనూ అలాగే ఉంటాను. కాబట్టి పందెం. నీ దగ్గర బొమ్మ చూసే యంత్రం ఉందిగా, దాంతో నిచ్చెనమ్మ కడుపులో చూడు. దానికి పిత్తాశయం లేకపోతే నాదీ తీసేయమంటాను, మారుమాట లేకుండా వెళ్ళి బల్లమీద పడుకుంటాను. దానికి ఉందనుకో, నాది నాకుంటుంది. నువ్వూ మీ అత్తయ్యా ఆ డాక్టరూ మళ్ళీ ఆ ఊసెత్తకూడదు.

అటూ ఇటూ సమానంగా ఉన్న పందెం ఇది. నీకు అబద్ధం చెప్పడం చేతకాదు కాబట్టి, మధ్యవర్తిని కూడా నిన్నే పెడుతున్నాను. ఇంతకంటే పెద్దరికం ఏముంటుంది?

మీ మామయ్య

(పందెం సంగతి నాకు చెప్పి తెగ మురిసిపోతున్నాడు. ఎందుకంత మురిసిపోతున్నాడో నాకు అంతుపట్టడం లేదు.)

*

జంతుశాల, జిరాఫీ కొట్టం గుమ్మం మీద

మామయ్యకి,

పందేనికి ఒప్పుకుంటున్నాను. మాట మీద ఉండు. అత్తయ్య సాక్షి.

నువ్వు చెప్పినంత తేలిక కాదిది. కాలేయం కుడివైపు, పక్కటెముకల చాటున ఉంటుంది. అంత ఎత్తు నాకు అందదు కాబట్టి, గోడలకి సున్నం వేసే చెక్క మంచె తెప్పించి ఎక్కాను. ముందు ఆ చోట వెంట్రుకలు గొరగాలి, జిగురు పూయాలి, చేతిలో యంత్రం ముక్కని సందు దొరికేదాకా ఆనించి పట్టుకోవాలి. మీ పసిపిల్ల నన్ను జిగురు దాకా రానిచ్చింది. ఆ తర్వాత మెడ వెనక్కి తిప్పి నా జడ నోట్లో పెట్టుకుంది. నేను జడ లాక్కుంటుంటే యంత్రం తీగ నమిలింది. కొత్త కాపరి కొమ్మ చూపించి దాన్ని ముందుకి పిలిస్తే, కొమ్మ తిని, మంచెని ఒక్క తాపు తన్ని, తాపీగా అవతలి గోడ దగ్గరికి పోయి నిలబడింది. జిగురంతా నా చొక్కాకి అంటుకుంది. పిల్లలతో వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టారు.

రెండోసారి వెళ్ళినా అంతే. ఎడమవైపు ఎంతసేపైనా నిలబడనిస్తుంది. కుడివైపుకి వెళ్ళేసరికి గిర్రున తిరిగిపోతుంది. నీ పెంపకమే. మీ ఇద్దరిదీ ఒకటే బుద్ధి, డాక్టరు అంటే పడదు.

దాన్ని కుదురుగా నిలబెట్టే కిటుకేదో నీ దగ్గరుండే ఉంటుంది. రాయి. ఓడిపోతానని దాచిపెట్టకు.

నిక్కచ్చి

*

రొట్టెల దుకాణం మీది గది

కోడలు పిల్లకి,

నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకున్నాను. (నొప్పి వల్ల కాదు, నవ్వు వల్లే. మీ అత్తయ్య ఏం రాసినా నమ్మకు.)

దాచిపెట్టే రకం కాదు నేను. కిటుకు రాసుకో. మేత గదిలో నా పాత ఇనుప బకెట్టు ఉంటుంది, ఒక చెవి విరిగింది. దాన్ని బోర్లించి చెక్క గరిటెతో మెల్లగా కొడుతూ ఉండమను. నేను పాలు తెచ్చేటప్పుడు చేసిన చప్పుడు అది. ఆ చప్పుడు వినిపిస్తే నిచ్చెనమ్మ చెవులు ముందుకి పెట్టి రాయిలా నిలబడిపోతుంది. ఇంకో సంగతి. నువ్వు కుడివైపుకి నేరుగా వెళ్ళకు. ఎడమవైపు నిలబడి ఏదో ముఖ్యమైన పని చేస్తున్నట్టు నటించు. దానికి అనుమానం వచ్చి తనే తిరుగుతుంది, కుడివైపు నీ ముందుకొస్తుంది. మీ అత్తయ్య దగ్గర వెన్న కోసం నేను వాడే ఉపాయం కూడా ఇదే.

నేను దివ్యంగా ఉన్నాను. తొందరేమీ లేదు, మెల్లగా చూడు.

మీ మామయ్య

(అమ్మడూ, ఈసారి కొంచెం ఎక్కువే రాస్తున్నాను, ఓపిగ్గా చదువు. దివ్యంగా లేడు. మొన్న పిండి బస్తాల మీద ముడుచుకుని పడుకుని, పిలిస్తే పలకలేదు. వాంతులయ్యాయి. ఆ తర్వాత ఒళ్ళు వెచ్చబడింది. డాక్టరుగారిని ఇంటికే పిలిపించాను. సంచి గోడ వాచి మందంగా అయిపోయిందట. ఒక రాయి సరిగ్గా మెడలో కూర్చుందట. అది జారి పెద్ద గొట్టంలో పడితే కళ్ళు పచ్చబడి, ప్రాణం మీదికి వస్తుందట, అప్పుడు ఆపరేషన్ చెయ్యడం కూడా కష్టమట. ఈ నెల దాటనివ్వొద్దన్నారు. మీ మామ ఆయనతో, ‘జిరాఫీ దగ్గర్నుంచి కబురు రావాలండీ’ అన్నాడు. ఆయన నన్ను పక్కకి పిలిచి, ఈయనకి జ్వరం తలకెక్కిందా అని అడిగారు.

భయపడుతున్నాడే. పైకి మేకపోతు గాంభీర్యం. కోళ్ళ దుకాణం నుంచి వచ్చిన రోజు నుంచీ సరిగ్గా నిద్రపోవడం లేదు. ఆమధ్య నువ్వు కొట్టుకి ఫోన్ చేసినప్పుడు ఎత్తి ‘రాంగ్ నంబర్’ అన్నది మీ మామే. నాకూ భయంగా ఉంది. ఆ జిరాఫీ సంగతి త్వరగా తేల్చు తల్లీ.)

*

జంతుశాల

మామయ్యకి,

బకెట్టు పనిచేసింది. నిచ్చెనమ్మ కదలకుండా నిలబడింది. బాగా చూశాను.

లేదు.

పందెం నేను గెలిచాను. మాట ప్రకారం వెళ్ళు. ఈ వారమే వెళ్ళు.

నిక్కచ్చి

*

ఆసుపత్రి, కిటికీ పక్క మంచం

నా తల్లికి,

కంగారుపడకు. ఈ అక్షరాలు వంకరగా ఉన్నది పడుకుని రాయడం వల్ల. అయిపోయింది. పొట్ట మీద చిన్న చిన్న కన్నాలు పెట్టి, బొడ్డు దగ్గర నుంచి లాగేశారట. కన్నం వేసి సంచి ఎత్తుకుపోయారు, దొంగలు కూడా ఇంత శుభ్రంగా చెయ్యరు. రాళ్ళు సీసాలో వేసి చేతికిచ్చారు. చాలావరకు మిరియాలంత, ఒక్కటి మాత్రం గోళీకాయంత. మెడలో కూర్చున్నది అదేనట. డాక్టరుగారు సంచి చూసి, ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే లోపలే పగిలేదన్నారు. కోళ్ళ దుకాణంలో కత్తి కొస గుర్తొచ్చింది. కూర చేదెక్కేదన్నమాట.

ఇవాళ మీ అత్తయ్య ఎండు రొట్టె పెట్టింది. పొట్టలో గూటం లేదు. ఎన్నాళ్ళకో!

ఇక అసలు సంగతికి వస్తాను. నవ్వకుండా చదువు.

నీకంటే ముందు అక్కడ పనిచేసిన పెద్ద డాక్టరుగారు గుర్తున్నారా? నిచ్చెనమ్మ ఒకసారి మేత మానేస్తే, ఆయన ఇలాగే మంచె ఎక్కి యంత్రంతో చూశారు. బకెట్టు కొట్టింది నేనే. తెర మీద ఏదో నల్లగా, బేరిపండులా కనపడేసరికి, ‘ఓరి! దీనికి ఉందయ్యోయ్!’ అని గట్టిగా అరిచారు. ఆ అరుపుకి నిచ్చెనమ్మ బెదిరి ఆయన టోపీ లాక్కుని నమిలేసింది. ఏదీ కాగితం మీద పెట్టే అలవాటు లేని మనిషి ఆయన. నీకు తెలిసే వీల్లేదు. అంటే నేను గెలిచే పందెమే కాశాను. అటూ ఇటూ సమానమని రాసింది పచ్చి మోసం. తాడిని తన్నేవాడినని మురిసిపోయాను.

అప్పుడు నీ ఉత్తరం వచ్చింది.

‘లేదు’ అని చదవగానే పకపకా నవ్వాను. దొరికిపోయింది పిల్ల, మొదటిసారి అబద్ధం ఆడి అది కూడా సరిగ్గా ఆడలేకపోయింది, కిందకి వెళ్ళి మీ అత్తయ్యకి చెప్పి ఇద్దరం నవ్వుకుందాం అని లేచాను. మెట్ల మధ్యలో ఆగిపోయాను. నువ్వు నిజం రాస్తే నాలుగు పేజీలుంటుంది. గొట్టాలూ, గోడలూ, రంగులూ అన్నీ ఉంటాయి. నా చెవి విరిగిన బకెట్టు గురించే ఒక పేజీ రాసేదానివి. ఈ ఉత్తరం అరచేతిలో సరిపోయింది.

కుక్క కూడా తినలేదని పక్కింటావిడ మొహం మీద చెప్పిన పిల్ల, మీ అమ్మ గిల్లినా మాట మార్చని పిల్ల, మామయ్యకి అబద్ధం రాసిందంటే దానికి ఎంత భయం వేసి ఉండాలి! ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను. డాక్టరు చెబితే నమ్మలేదు, మీ అత్తయ్య ఏడిస్తే నమ్మలేదు, నీ గుర్రాన్నీ ఏనుగునీ నమ్మలేదు. నీ అబద్ధాన్ని నమ్మాను. అలాగే కిందకి దిగి, ‘ఏమేవ్, చెప్పులెక్కడ?’ అన్నాను. మీ అత్తయ్య పొయ్యిలో బిస్కెట్లు మాడ్చేసి నాతో బయల్దేరింది.

వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు. నువ్వు ఒక్కదానితో ఆపరేషన్ చేయించావు. గట్టిదానివే. కానీ ఇంక చాలు. మళ్ళీ ఎప్పుడూ, ఎవరి దగ్గరా అబద్ధం ఆడకు. నువ్వు ఆడితే నాకు భయమేస్తుంది.

పందెం మాత్రం నేనే గెలిచాను. రాసిపెట్టుకో.

మీ మామయ్య

(చెప్పులు కాళ్ళకే ఉన్నాయి, ఎక్కడని అడిగాడు. నేను ఇంక ఈ ఉత్తరాల చివర రాయను. రాయడానికి దొంగతనాలేమీ మిగల్లేదు. పదిలంగా ఉండు తల్లీ, ఈసారి వచ్చినప్పుడు నీకు ఏం కావాలంటే అది చేసిపెడతాను.)

*

జంతుశాల, మందుల గది

మామయ్యా,

ఉంది.

ఎంత అందంగా ఉందనుకున్నావు! కుడివైపు పక్కటెముకల సందులో, కాలేయం అంచు కింద నుంచి కొంచెం తొంగిచూస్తూ, పల్చటి గోడతో, లోపల ఒక్క మరక కూడా లేకుండా నల్లగా మెరుస్తూ. తెర మీద నీళ్ళలాంటిదేదైనా నల్లగానే కనపడుతుంది, లోపల మాత్రం చిక్కటి ఆకుపచ్చగా ఉంటుంది. నీ బకెట్టు చప్పుడుకి నిచ్చెనమ్మ చెవులు నిక్కబొడుచుకుని, ఎవరి కోసమో గేటు వైపే చూస్తూ నిలబడింది. ఎవరి కోసమో నీకు తెలుసు. అది మేత మేస్తున్నప్పుడు సంచి పిండుకుంటుందేమో చూద్దామని నేను అక్కడే ఉండిపోయాను. కొత్త కాపరికి చెయ్యి నొప్పిపుట్టి గరిటె పడేశాడు. అప్పటికప్పుడు నీకు నాలుగు పేజీలు రాయాలనిపించింది. అత్తయ్య ఉత్తరం అప్పటికే నా జేబులో ఉంది. ‘లేదు’ అని రాయడానికి నాకు ఒక పూట పట్టింది. రాసి, పోస్టు డబ్బాలో వేసి, అక్కడే నిలబడి ఏడ్చాను. ఉత్తరాలు తీసుకెళ్ళే ఆయన ఎవరైనా పోయారా అని అడిగాడు. లేదండీ, పోకుండా ఉండటానికే రాశానన్నాను.

నువ్వు మోసం చేశావు కాబట్టి నాదీ చెబుతాను. పెద్ద జిరాఫీల్లో ఎక్కువ వాటికి పిత్తాశయం ఉండదు. ఆ ముక్క నీకు రాయలేదు. నేను కూడా గెలిచే పందెమే అనుకుని ఒప్పుకున్నాను. నీ నిచ్చెనమ్మ ఇద్దరినీ ఆడించింది. నిన్న లేత కొమ్మ ఒకటి పట్టుకెళ్ళి క్షమించమని అడిగాను. ఉన్నదాన్ని లేదన్నానుగా. కొమ్మ తీసుకుంది. జడ కూడా అందుకోబోయింది.

రాళ్ళ సీసా నాకు పంపు. మా గదిలో బీరువాలో పెడతాను. ఏ జంతువుదని చీటీ అంటించాలో అత్తయ్యని అడిగి చెప్పు.

ఇంకొక్క మాట. మళ్ళీ ఎప్పుడూ ఎవరి దగ్గరా అబద్ధం ఆడొద్దన్నావు. ఇంట్లో ఆ ఉత్తరం చదివి ఇంకా చేతిలో పట్టుకునే ఉన్నాను, అమ్మ వంటింట్లోంచి వచ్చి, ‘ఏమే, తమ్ముడి దగ్గర్నుంచి ఇన్ని ఉత్తరాలొస్తున్నాయి, వాడు బాగానే ఉన్నాడా?’ అని సూటిగా అడిగింది.

సంచీ సర్దుకుని బయల్దేరింది. ఈ ఉత్తరం కంటే అమ్మే ముందు వస్తుంది.

నీ నిక్కచ్చి